తొడ వెనక ముగ్గురు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. ముందు తల రావలసింది పోయి కాళ్ళు వచ్చాయట. మా అమ్మ ఆ పూట ఎంత నరకం చూసిందో ఎవరూ చెప్పరు గాని, నా కాళ్ళ గొప్ప మాత్రం ఊరంతా చెబుతుంది. అట్లా పుట్టినవాళ్ళు కాలు పెడితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఇక్కడ నడుము పట్టనివాళ్ళు ఎవరున్నారు కనుక? ఎండాకాలం బీడీల తునికాకు కోసేవాళ్ళు, సారపాక కాగితం మిల్లుకు కర్ర నరికేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, అందరూ పొద్దంతా వంగి ఉండేవాళ్ళే. ఆదివారం పొద్దున, నేను పళ్ళు తోముకోకముందే, మా వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నేను ఎడమ కాలు మూడుసార్లు ఆనించేదాన్ని. కొందరు లేచి నిటారుగా నడిచిపోయేవారు. ఎందుకు తగ్గేదో నాకు తెలియదు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ, "ఇంకో తన్ను తప్పించుకుందామని లేస్తున్నరే" అనేవాడు.

ఈ నమ్మకంతోనే నేను మా కోడలి కాలు పాడుచేశాను. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

నాకు అక్షరాలు నేర్పింది మా కోడలే. పెళ్ళై వచ్చిన ఏడాది, నేను భద్రాచలం బస్సనుకుని మణుగూరు బస్సెక్కి పోయి సాయంత్రానికి ఇల్లు చేరాను. మర్నాడే పలక కొనుక్కొచ్చింది. అప్పటికి నాకు యాభై దాటాయి. "ఈ వయసుల నాకెందుకే" అంటే, "తప్పు బస్సెక్కితే తిరిగి నడిచేది నీ కాళ్ళే గద అత్తమ్మా" అన్నది. గుణింతాలకు ఒక వానాకాలమంతా పట్టింది. ఒత్తుల దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. ఇప్పుడు మందు సీసాలు, ఎరువు బస్తాలు, గోడల మీద రాతలు, కంటికి ఏది తగిలితే అది చదువుతాను.

నాకు నేర్పిన మనిషికి మాత్రం చదువుకు తగ్గ పని దొరకలేదు. ఏళ్ళ తరబడి పరీక్షలు రాసింది. చివరికి అడవి శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. మిగిలింది నడక పరీక్ష. ఆడవాళ్ళు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. ఒక్క నిమిషం దాటినా ఇంటికే. ఈసారి పోతే మళ్ళీ ఉద్యోగాలు పడేసరికి ఆమెకు వయసు దాటిపోతుంది. అందుకని ఇల్లంతా ఆ నడక మీదే ఉన్నాం. ఒకప్పుడు కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని, గార్డు కనిపిస్తే మోపు పారేసి పరుగెత్తినదాన్ని నేను. నా కోడలు గార్డు కాబోతున్నదంటే నాకు నవ్వాగేది కాదు. "రేపు నన్నే వట్టుకుంటవా?" అనేదాన్ని. "పచ్చికట్టె కొడితే వట్టుకుంట" అనేది.

పరీక్షకు ఇంకా ఏడు వారాలుంది. రోజూ తెల్లవారగానే వంతెన దాటి భద్రాచలం పోయి, గోదావరి కరకట్ట మీద నడిచేది. ఒక రోజు గడియారం చూసుకుంటే అనుకున్నదానికన్నా రెండు నిమిషాలు ఎక్కువైందట. ఆ రెండు నిమిషాల కోసం చివర్లో పరుగు తీసింది. ఆటోలో ఇంటికొచ్చి, కుడి తొడ వెనక చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమైందే?"

"పట్టేసినట్టున్నది అత్తమ్మా. పిర్ర కింది నుంచి మోకాలు దాకా గుంజుతున్నది."

"నడుము పట్టు కాలికి దిగింది. గంతే. పండుకో."

పండుకుంది. బోర్లా పండుకుని చేతుల మీద తల పెట్టుకుంది. అది ఆదివారం కూడా కాదు. పళ్ళు తోముకుని, అన్నం తిని ఉన్నాను. అయినా సొంత కోడలు కదా అని ఊరివాళ్ళకు ఆనించినట్టు ఆనించి ఊరుకోలేదు. గోడ పట్టుకుని, ఎడమ కాలి మీద నా బరువంతా వేసి, తొడ వెనక పైనుంచి కిందికి తొక్కాను. మూడుసార్లు. మొదటిసారి ఆమె పళ్ళు బిగబట్టింది. రెండోసారి చాప అంచు పట్టుకుంది. మూడోసారి, "సాలు అత్తమ్మా" అన్నది.

మర్నాటికి తొడ వెనక వంకాయ రంగు తిరిగింది. ఆ మర్నాటికి లేచి నిలబడలేకపోయింది. మా కొడుకు మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి భార్య కాలు చూసి నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగో రోజు అతనే మమ్మల్నిద్దర్నీ ఆటో ఎక్కించి భద్రాచలం దవాఖానాకు పంపాడు.

డాక్టరు చూసి, పక్క గదిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పంపించాడు. మధిర వైపు పిల్ల. మాటకు ముందు ఒక అండీ, వెనక ఒక అండీ.

"పట్టేసినప్పుడు ఎలా అనిపించిందండీ?"

"ఎవరో వెనక నుంచి రాయితో కొట్టినట్టైంది మేడం. తిరిగి కూడ చూసిన. ఎవరూ లేరు."

ఆ పిల్ల తల ఊపి తొడ వెనక వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది. ఒక చోట ఆగింది. "ఇక్కడ చిరిగిందండీ, కొద్దిగానే. కానీ ఈ కమిలిన చోటు వేరేగా ఉందే. దెబ్బేమైనా తగిలిందా?"

"జారి పడ్డ మేడం" అన్నది కోడలు.

"పడలే" అన్నాను. "నేను తొక్కిన."

"తొక్కారా? ఎందుకండీ?"

"ఎదురుకాళ్ళతో పుట్టిన గనుక."

ఆ పిల్ల కలం బల్ల మీద పెట్టింది. "అమ్మమ్మగారూ, చిరిగిన గుడ్డని తొక్కితే అతుక్కుంటుందా అండీ?"

"అతుక్కోదు."

"ఇదీ అంతేనండీ."

నాకు కోపం రాలేదు. ఎవరైనా సూటిగా చెబితే నాకు ఎక్కుతుంది. "అయితే ఏం చిరిగిందో సూపియ్యి" అన్నాను.

గోడకు చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఉంది, వీపు మన వైపు తిప్పి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. అమ్మవారి కొలుపులప్పుడు మేకను ఒలిచినవాళ్ళకు అది కొత్త కాదు. పిర్ర కింద నుంచి మోకాలి దాకా ఎర్రటి కండ పట్టీలు మూడు దిగి ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు తెలుగే కదా వచ్చింది. ఆ పిల్ల చీటీ వెనక తెలుగులో రాసిచ్చింది. కూడబలుక్కుని చదివాను. బై-సె-ప్స్ ఫె-మో-రి-స్. సె-మీ-టెం-డి-నో-స-స్. మూడోది సగం దాకా వచ్చి ఆగిపోయాను.

"మనుషులకు పెట్టే పేర్లేనా ఇవి?" అంటే కోడలు నొప్పిలో కూడా నవ్వింది. నాలుగు రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చాక నేనే వాటికి పేర్లు పెట్టుకున్నాను. బయటోడు, తీగోడు, పలకోడు. ముగ్గురూ పుట్టేది ఒక్క చోటే. మనం కటిక నేల మీద కూర్చుంటే పిర్రల కింద రెండు ఎముకలు ఒత్తుకుంటాయి కదా, ఆ ఎముకకే ముగ్గురూ కట్టి ఉన్నారు. అక్కడి నుంచి కిందికి దిగి, మోకాలు దాటి, కింది కాలి ఎముకను పట్టుకుంటారు. బయటోడు బయటి వైపు పోతాడు. వాడికి రెండు తలలు. రెండో తల తొడ ఎముక వెనకాలే పుట్టి దారిలో వచ్చి కలుస్తుంది. తీగోడు, పలకోడు లోపలి వైపు పోతారు. తీగోడు కిందికి వచ్చేకొద్దీ సన్నబడి తాడులా అవుతాడు. పలకోడు వాడి కింద పలచగా, వెడల్పుగా పరుచుకుని ఉంటాడు.

ఇది చదివేవాళ్ళు కుర్చీలో ఉంటే ఒక పని చేయండి. మడమను నేలకు ఆనించి వెనక్కి ఈడ్చినట్టు బిగించండి. మోకాలి వెనక చెయ్యి పెట్టి చూడండి. బయటి వైపు ఒక తాడు లేస్తుంది. అది బయటోడు. లోపలి వైపు గట్టిగా తగిలేది తీగోడు. పలకోడు దాని చాటున ఉంటాడు, అంత సులువుగా దొరకడు. అరవై నాలుగేళ్ళు నా కాళ్ళు ఊరికి మందు అనుకున్నాను గాని, వాటి వెనక ఏముందో ఒక్కసారి తడిమి చూడలేదు.

వాళ్ళ పనేమిటంటే, మోకాలు మడుస్తారు. వంగినవాళ్ళను పైకి లేపుతారు. కాలిని వెనక్కి తోసి మనిషిని ముందుకు నడుపుతారు. ఇదంతా ఎవరైనా చెబుతారు. ఆ పిల్ల చెప్పినదాంట్లో నన్ను ఆపేసింది ఇంకొకటి. పరుగులో కాలు ముందుకు విసురుతాం. విసిరిన కాలు అట్లాగే చాచుకుపోకుండా, పాదం నేలకు తగిలేలోపు దాన్ని వెనక నుంచి నిదానించేది వీళ్ళే. అప్పుడు వాళ్ళు సాగుతూ ఉంటారు, సాగుతూనే పట్టుకోవాలి. బావిలోకి బొక్కెన వదిలినప్పుడు తాడు చేతుల్లోంచి జారుతుంటే జారనిస్తూనే బిగిస్తాం కదా, అట్లా. చిరిగేది ఎక్కువగా అక్కడేనట. రెండు నిమిషాల కోసం కాలు దూరంగా విసిరింది మా కోడలు. బొక్కెన బరువైంది. తాడులో నాలుగు పోగులు తెగాయి.

పొద్దంతా వంగి ఆకు కోసేటప్పుడు ఒంటిని పడిపోకుండా పట్టి ఉంచేది కూడా ఈ ముగ్గురేనట. నడుము పట్టిందని నా వాకిట్లో పడుకున్నవాళ్ళలో ఎందరికి పట్టింది నిజంగా నడుమో, నాకిప్పుడు చెప్పడం కష్టం.

ఆ రోజు దవాఖానా నుంచి తిరిగి వచ్చేటప్పుడు, బస్సు వంతెన మీదికి ఎక్కాక కోడలితో అన్నాను. "తప్పు నాది. నేను తొక్కకపోతే గింత కాకపోవు. నువ్వు జారి పడ్డనని ఎందుకు సెప్పినవ్?"

"మరేం సెప్పాలె? మా అత్త తొక్కిందంటే ఆ మేడం పోలీసులకు ఫోన్ సేస్తదనుకున్న."

"చెయ్యనీ."

"నువ్వు తొక్కుత అంటే నేనెందుకు పండుకున్న? నేను డిగ్రీ సదివిన. నేను గూడ నమ్మిన గద." గోదావరి వైపు తిరిగి, "ఇంక తొక్కకు. నడిచేది నేర్పు" అన్నది.

ఫిజియో పిల్ల ఆరు వారాలకు సరిపడా రాసిచ్చింది. మొదటి వారం పరుగు లేదు, బరువు లేదు, ఇంట్లో మెల్లగా తిరగడమే. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుము పైకి లేపి దించడం. రోజూ నేను చీటీ పట్టుకుని చదివేదాన్ని, ఆమె చేసేది. "పది అని రాసున్నది. ఎనిమిదికే దించినవ్" అంటే, "నీకు అక్షరాలు నేర్పి తప్పు చేసిన" అనేది.

నాలుగో వారంలో వచ్చింది అసలు పని. మోకాళ్ళ మీద నిలబడాలి. వెనక ఎవరైనా చీలమండలు నేలకు అదిమి పట్టుకోవాలి. ఒళ్ళు కర్రలా ఉంచి, మెల్లగా, మెల్లగా ముందుకు వాలాలి. ఆ ముగ్గురు సాగుతూ బరువు మోయడం నేర్చుకోవాలంటే ఇంతకు మించినది లేదట. కొడుక్కు పొద్దున షిఫ్టు. పట్టుకోవడానికి ఉన్నది నేనే.

"వద్దు" అన్నది కోడలు. "అత్తమ్మతోని కాళ్ళు పట్టించుకుంటనా? మా అవ్వకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యదు."

మా వైపు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టరు. ముట్టితే చిన్నవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందంటారు. నేను కూడా నిన్నమొన్నటి దాకా అన్నదాన్నే.

"తొక్కంగ లేని సిగ్గు పట్టంగ ఎందుకే? వాలు."

వెనక కూర్చుని రెండు చీలమండలు అదిమి పట్టాను. ఆమె వాలింది. జానెడు వాలి, దభీమని చేతుల మీద పడింది. రెండోసారీ అంతే. మూడోసారి పడుతుండగా గోడ అవతల నుంచి మా పొరుగింటావిడ తల పైకెత్తింది. వరుసకు నాకు వదిన. నా కన్నా రెండేళ్ళు పెద్ద.

"ఏంది వదినా, పొద్దుపొద్దున్నే కోడలి కాళ్ళ మీద వడ్డవు? ఏం తప్పు చేసినవ్?"

"చేసిన తప్పు నీకు తెల్వదా? ఊరంత తెలుసు. నవ్వుడు అయినంక ఇటొచ్చి ఇంకో కాలు వట్టు. నా చేతులు నొస్తున్నయ్."

ఆమె వచ్చింది. నిజంగానే కొంగు నడుముకు దోపుకుని ఇంకో కాలు పట్టుకుంది. ఇద్దరు ముసలమ్మలు తలా ఒక కాలు అదిమి కూర్చుంటే, ముందు కోడలు నవ్వాపుకోలేక పక్కకు దొర్లిపోయింది.

"నవ్వితే వాలుడు రాదు" అన్నది వదిన.

"మీరిద్దరు మాట్లాడకుంటే రెండు గంటల కింద అయిపోవు" అన్నది కోడలు.

ఆ రోజు నుంచి వదిన పిలవకుండానే వచ్చేది. టీ తాగి, ఒక కాలు పట్టి, ఊళ్ళో సంగతులన్నీ చెప్పి పోయేది. వారం తిరిగేసరికి కోడలు జానెడు కాదు, సగం దాకా వాలి నిలిచింది. మా చేతుల కింద చీలమండ వణకడం తెలిసేది. తొడ వెనక ముగ్గురూ తాళ్ళలా బిగిసి కనబడేవారు. కమిలిన చోటు పసుపు పచ్చగా మారి, ఆ తర్వాత అసలు రంగుకు వచ్చింది.

ఈలోపలే, మూడో వారం నుంచి, నడక మళ్ళీ మొదలుపెట్టింది. ముందు నాలుగు కిలోమీటర్లు, తర్వాత ఎనిమిది. నేను కరకట్ట మీద కూర్చుని ఫోన్లో సమయం చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. పరీక్షకు పది రోజులుందనగా పన్నెండు కిలోమీటర్లు నడిచి, దిగేటప్పుడు కుడి కాలు కాస్త తేలిగ్గా వేసింది. నేను చూశాను. ఫిజియో పిల్లకు ఫోన్ చేస్తే, "చిరగలేదండీ, అలిసిందంతే. అమ్మమ్మగారూ, మీరు మాత్రం ఏమీ చెయ్యకండి" అన్నది. ఏమీ చెయ్యకుండా రెండు రోజులు కూర్చోవడం, నన్నడిగితే, వాలడం కన్నా కష్టం.

"పరుగు మాత్రం తియ్యకండి" అని చివరిసారి చూసినప్పుడు ఆ పిల్ల కోడలికి గట్టిగా చెప్పింది. "నడకకు మీ కాలు సరిపోతుంది. ఆఖర్లో గడియారం చూసి ఉరికితే మళ్ళీ మొదటికొస్తారు. నడకే నడవండి."

పరీక్ష అడవి రోడ్డు మీద. ఎనిమిది కిలోమీటర్లు పోయి, తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. తెల్లవారగానే ఆడపిల్లలందరికీ నంబర్లు కట్టి, ఈల వేసి వదిలారు. మా కొడుకు సెలవు పెట్టి వచ్చాడు. మద్ది చెట్ల కింద నాలాంటివాళ్ళు చాలామంది కూర్చున్నారు, తువ్వాలలు, నీళ్ళ సీసాలు పట్టుకుని. పక్కన ఇల్లందు నుంచి కూతురి కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన, బొగ్గుబాయిలో పని చేసి రిటైరైనవాడు.

"బిడ్డనా అమ్మా?"

"కోడలు."

"కోడలి కోసం అత్త వచ్చిందా? గిది నేను సూడలే."

"మరి ఎవలు రావాలె? ఆ కాలు నా చేతుల మీద లేచింది."

ఆయనకు బయటోడు, తీగోడు, పలకోడు కథంతా చెప్పాను. తన మోకాలి వెనక చెయ్యి పెట్టించి తాళ్ళు కూడా చూపించాను. మా కొడుకు తల పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి మాత్రం తాడు దొరికినప్పుడల్లా, "అవ్, ఉన్నది, ఉన్నది" అని సంబరపడ్డాడు. అట్లా మూడు గంటలు గడిచిపోయాయి.

తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలైంది. వచ్చేవాళ్ళందరూ మలుపు దగ్గర ముగింపు గీత కనబడగానే పరుగు అందుకునేవారు. ఎవరికైనా కాళ్ళు ఆగవు కదా. మూడున్నర గంటలు దాటింది. మా కొడుకు లేచి నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాలు పోయాయి.

మలుపులో కోడలు కనబడింది. ముఖం ఎర్రగా కందిపోయింది. చేతులు ఊపుతూ నడుస్తున్నది. ఆమె వెనక నుంచి ఒక పిల్ల పరుగున వచ్చి దాటిపోయింది. ఇంకో పిల్ల దాటిపోయింది. కోడలు మణికట్టు ఎత్తి గడియారం చూసుకుంది. కరకట్ట మీద ఇట్లా చూసుకునే కదా పరుగు తీసింది.

ఆమె చెయ్యి దించింది. అడుగు పెంచలేదు. విసరలేదు. వచ్చిన నడకే నడుస్తూ వచ్చింది. రెండు పాదాలూ ఒక్క తీరుగా పడ్డాయి. గీత దాటేసరికి నాలుగు గంటలకు ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి.

నేను నీళ్ళ సీసా ఇస్తూ, "నిన్ను ఇద్దరు దాటిపోయిన్రు" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"పోనీ. వాళ్ళకు నీసొంటి అత్త లేదు" అన్నది. నీళ్ళు తాగి, మిగిలినవి తల మీద పోసుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే బిగుసుకుపోతాయి, కాసేపు మెల్లగా తిరగాలట. నా చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు మీద అటూ ఇటూ తిప్పింది. ఇంతలో అధికారి నంబరు పిలిచి సంతకానికి రమ్మన్నాడు. నా చెయ్యి వదిలి పోయింది. బల్ల మీదికి వంగి సంతకం పెట్టి, నొప్పి లేకుండా పైకి లేచింది.